బొప్పాయికి తెచ్చిన బదనిక, కొబ్బరికి వచ్చిన బదనిక

జీవ నియంత్రణ మీద మన దగ్గర ఎవరు మాట్లాడినా బొప్పాయి పిండినల్లి కథ చెబుతారు. చెప్పాల్సిందే. పురుగుమందు డబ్బా మూత తీయకుండానే ఒక మహమ్మారిని అణచిన సందర్భాలు మన దేశంలో అంత స్పష్టంగా మరో చోట కనిపించవు. కొబ్బరి మీద పడిన సర్పిలాకార తెల్లదోమ కథను మాత్రం ఎవరూ విజయమని చెప్పరు, ఓటమని ఒప్పుకోరు. పరిశోధనా కేంద్రాల నివేదికల్లో ఒకలా, గోదావరి జిల్లాల తోటల్లో మరోలా అది ఇంకా నడుస్తూనే ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మనం నేర్చుకోవాల్సిందంతా రెండో దానిలోనే ఎక్కువగా ఉందని నాకు అనిపిస్తుంది.

పోలికలు చాలానే ఉన్నాయి. రెండు పురుగులూ మధ్య అమెరికా ప్రాంతం నుంచి వచ్చినవే. రెండూ రసం పీల్చి తేనెలాంటి జిగురు విసర్జిస్తాయి. ఆ జిగురు మీద నల్లటి మసి పట్టి ఆకుకు ఎండ తగలనివ్వదు. రెండింటినీ చంపే బదనికలు, అంటే పురుగు ఒంట్లోనే గుడ్డు పెట్టి ఆ పురుగును తింటూ పెరిగే చిన్న కందిరీగ జాతులు, మిల్లీమీటరు పొడవు కూడా ఉండవు. కంటికి ఎదురుగా తిరుగుతున్నా పురుగని పోల్చుకోలేం. తేడా ఒక్కటే. బొప్పాయి బదనికను మనం పనిగట్టుకుని తెచ్చుకున్నాం. కొబ్బరి బదనిక పిలవకుండానే వచ్చింది.

ముందు బొప్పాయి సంగతి. 2008 జులైలో కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తోటల్లో బొప్పాయి కాయల మీద తెల్లగా దూదిలా కమ్ముకున్న పురుగును చూసి ఇది పారాకోకస్ మార్జినేటస్ అని గుర్తుపట్టినవాళ్లలో రంగస్వామి మునియప్పన్ ఒకరు. ఆయన చాలా ఏళ్లు గ్వామ్ దీవిలో కీటక శాస్త్రవేత్తగా పనిచేశారు. అదే పిండినల్లి 2002లో గ్వామ్ మీద పడింది, బదనికలను వదిలాక అణగిపోయింది. అంటే కోయంబత్తూరులో రోగం పేరు తెలిసిన రోజునే దాని మందు పేరు కూడా తెలుసు. ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

మందు పేరు తెలిసినా అది చేతికి రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో పిండినల్లి బొప్పాయి దాటి మల్బరీకి, కర్రపెండలానికి, పత్తికి, వంగకు, కంచెల్లోని మందారానికి పాకింది. తిరుపూరు, ఈరోడు, సేలం జిల్లాల రైతులు దొరికిన మందల్లా కొట్టారు. పిండినల్లి ఒంటి మీద మైనపు పొడి ఉంటుంది, గుడ్లు దూదిసంచిలో దాగి ఉంటాయి. మందు పైపైన జారిపోతుంది. నాలుగు రోజులు తగ్గినట్టు కనిపించి మళ్లీ కమ్ముకుంటుంది. పురుగు మిగిలింది, దాన్ని తినే సాలీళ్లూ అక్షింతల పురుగులూ పోయాయి.

ఇక్కడ మల్బరీ ప్రత్యేకం. మల్బరీ ఆకు మీద మందు కొడితే ఆ ఆకు తిన్న పట్టుపురుగు చచ్చిపోతుంది. పట్టు రైతుకు పురుగుమందు దారి మొదటి నుంచీ మూసుకుపోయే ఉంది. పిండినల్లి ఆకును తినేస్తోంది, మందు పట్టుపురుగును తినేస్తుంది. ఆ ఇరకాటంలోంచే బదనికను తేవాలన్న ఒత్తిడి బలంగా వచ్చిందని నా అభిప్రాయం. పండు రైతు ఒక్కడే అయితే ఇంకొన్నాళ్లు మందు కొడుతూనే ఉండేవాడు.

2010లో అమెరికా వ్యవసాయ శాఖ సాయంతో ప్యూర్టోరికో నుంచి మూడు జాతుల బదనికలు బెంగళూరు చేరాయి. ఇప్పుడు ఎన్.బి.ఎ.ఐ.ఆర్. అని పిలిచే జాతీయ కీటక వనరుల సంస్థ వాటిని నిర్బంధ ప్రయోగశాలలో ఉంచి, మన పట్టుపురుగుకూ ఇతర మేలు చేసే కీటకాలకూ హాని లేదని పరీక్షించాకే బయటకు వదిలింది. ఆ ఏడాది అక్టోబరులో తమిళనాడులో విడుదల మొదలైంది. మూడింటిలో బాగా నిలదొక్కుకున్నది ఎసెరోఫేగస్ పపాయె. పిల్ల దశలో ఉన్న పిండినల్లిలో ఇది గుడ్డు పెడుతుంది. కొన్నాళ్లకు ఆ నల్లి ఉబ్బి, గోధుమ రంగు తిరిగి, గట్టి గుల్లగా మారుతుంది. గుల్లకు ఒక గుండ్రని చిల్లు పెట్టుకుని కొత్త కందిరీగ బయటకు వస్తుంది. విశ్వవిద్యాలయ కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, పట్టు పరిశ్రమ శాఖ కలిసి దీన్ని పెంచి పంచాయి. ఐదారు నెలల్లో చాలా చోట్ల తోటలు తేరుకున్నాయి. తర్వాత ఆర్థికవేత్తలు వేసిన లెక్క ప్రకారం మొదటి ఏడాదే దేశానికి కలిగిన లాభం 12.1 కోట్ల నుంచి 30.9 కోట్ల డాలర్ల మధ్య ఉంటుంది. ఐదేళ్లకు కలిపితే 52 కోట్ల డాలర్ల నుంచి 134 కోట్ల డాలర్ల దాకా. అంచనాల మధ్య ఇంత దూరం ఉన్నా, కింది అంకె తీసుకున్నా, ఇంత చవకగా ఇంత మేలు చేసిన వ్యవసాయ పథకాన్ని వెతికి పట్టుకోవడం కష్టం.

ఇప్పుడు కొబ్బరి. సర్పిలాకార తెల్లదోమను శాస్త్రవేత్తలు బెలీజ్ దేశంలోని నమూనాల నుంచి 2004లో వర్ణించారు. 2009లో అది ఫ్లోరిడాలో కనిపించింది. 2016లో పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో తేలింది. ఆ వెంటనే మన గోదావరి జిల్లాల్లో, కడియం నర్సరీల ప్రాంతంలో మొదలై కోనసీమ అంతా పాకింది. పశ్చిమ గోదావరి ఆయిల్‌పామ్ తోటలకూ ఎక్కింది. దేశం నలుమూలలకూ మొక్కలు పంపే కడియం మన జిల్లాల్లో అందరికంటే ముందు ఈ పురుగును చూడటంలో ఆశ్చర్యం లేదు. మొక్క ప్రయాణం చేస్తే పురుగుకూ ప్రయాణమే.

కొబ్బరి మట్ట ఒకటి దించి ఆకు తిరగేసి చూడండి. తెల్లటి మైనంతో చుట్లు చుట్లుగా పెట్టిన గుడ్లు, వాటి పక్కన బల్లపరుపుగా అతుక్కున్న పిల్లలు, వాటి ఒంటి నుంచి లేచిన మైనపు పోగులు కనిపిస్తాయి. కింది మట్టల పైభాగమంతా నల్లటి మసి. కింద వేసిన అరటి ఆకుల మీద, కోకో ఆకుల మీద, పశువుల పాక పైకప్పు మీద కూడా మసే. భూతద్దం పెట్టి ఖాళీ అయిపోయిన పిల్ల పురుగుల గుల్లలను గమనించాలి. గుల్ల మీద ఇంగ్లిష్ టి అక్షరంలా చీలిక ఉంటే అందులోంచి తెల్లదోమే పుట్టి ఎగిరిపోయింది. గుండ్రని చిల్లు ఉంటే అందులోంచి బదనిక వచ్చింది. వంద గుల్లల్లో చిల్లులెన్ని, చీలికలెన్ని అని లెక్కపెడితే ఆ తోటలో ఎవరిది పైచేయో తెలుస్తుంది. పురుగుమందుల షాపులో ఎవరూ ఈ లెక్క అడగరు. నా దృష్టిలో ఈ కథ మొత్తానికి ఇదే కీలకమైన ప్రశ్న.

ఆ గుండ్రని చిల్లు పెట్టే కందిరీగ పేరు ఎన్‌కార్సియా గ్వాడెలూపే. దీన్ని ఎవరూ దిగుమతి చేసుకోలేదు. 1990ల్లో మన దేశానికి వచ్చిన మరో సర్పిల తెల్లదోమ, జామ మీదా కర్రపెండలం మీదా చూసేది, దాన్ని వెంబడించి ఈ బదనిక కూడా ఎప్పుడో వచ్చేసింది. లక్షద్వీప్‌లో దీన్ని గుర్తించిన శాస్త్రవేత్తలు అనుకోకుండా కలిగిన మేలు అనే రాశారు. కొత్త తెల్లదోమ కొబ్బరి మీద పడగానే ఈ బదనిక దానికీ అలవాటు పడింది. కొన్ని తోటల్లో సగానికి పైగా, మరికొన్నింటిలో ఇంకా ఎక్కువగా పిల్ల పురుగుల్లో ఇదే కనిపించింది. శాస్త్రవేత్తల సలహా సూటిగా వచ్చింది. రసాయన మందులు కొట్టొద్దు. కొడితే తెల్లదోమ కంటే ముందు బదనిక పోతుంది.

పిలిచి తెచ్చింది ఐదారు నెలల్లో పని చేసింది. రెండేళ్ల అనుమతులు, పరీక్షలు, విమాన ప్రయాణాలు అన్నీ దాటి వచ్చి కూడా అంత త్వరగా. పిలవకుండా వచ్చింది మొదటి రోజు నుంచీ తోటలోనే ఉంది. అయినా కొబ్బరి రైతుకు ఊరట అంతగా అందలేదు. ఎందుకు?

మొదటి కారణం చెట్టు ఎత్తులోనే ఉంది. బొప్పాయి నాలుగడుగుల ఎత్తులో చేతికందుతుంది. పిండినల్లి పోతే పోయినట్టు కంటికి తెలుస్తుంది. కొబ్బరి మొవ్వు నలభై యాభై అడుగుల పైన ఉంటుంది. దింపు తీసేవాడు చెబితేనో మట్ట రాలితేనో తప్ప పైన ఏం జరుగుతోందో తెలియదు. కింద మాత్రం మసి కనిపిస్తూనే ఉంటుంది. తెల్లదోమ తగ్గినా పాత ఆకుల మీద పట్టిన మసి నెలల తరబడి అలాగే ఉంటుంది. రైతు చూసేది మసిని. శాస్త్రవేత్త లెక్కపెట్టేది చిల్లులను. ఇద్దరూ అబద్ధమాడటం లేదు, చెరొక చోట చూస్తున్నారు. గంజి ద్రావణం చల్లితే మసి పెచ్చులుగా ఊడుతుందన్న సలహా చిన్న మొక్కలకు పనికొస్తుంది. నలభై అడుగుల చెట్టుకు ఎలా చల్లుతారు? మసిని మేసే ఒక చిన్న పెంకు పురుగును కేరళలో గుర్తించారు. అది మేలే, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోలేం.

రెండో కారణం మనుషుల్లో ఉంది. ఈ వ్యాసంలో నేను నిజంగా చెప్పదలచుకున్నది దీని గురించే. బొప్పాయి రైతు దగ్గరకు బదనిక చేరేసరికి ఆయన మందులన్నీ కొట్టేసి, ఫలితం లేక, జేబు ఖాళీ చేసుకుని ఉన్నాడు. ఇక మందు కొట్టొద్దు, ఈ కందిరీగను వదులుదాం అంటే ఆయన వదులుకోవాల్సింది ఏమీ లేదు. పట్టు రైతు మందు జోలికే పోలేడు. అంటే బదనిక బతకడానికి కావలసిన మొదటి షరతు, మందు ఆగిపోవడం, ఆ తోటల్లో దానంతటదే నెరవేరింది. కొబ్బరి రైతును అడిగింది వేరు. ఇంకా మందు మొదలుపెట్టకముందే ఆపమన్నాం. తోట నల్లబడుతుంటే చేతులు కట్టుకుని చూడమన్నాం. ఏం మందు కొట్టాలండీ అని అడిగిన మనిషికి ఏమీ కొట్టొద్దు అనే జవాబు ఎంత నిజమైనా జవాబుగా తోచదు. విజ్ఞానం తప్పయినందుకు కాదు, అది చేతికి ఏ పనీ ఇవ్వనందుకు.

అధికారులకూ ఇదే ఇబ్బంది. తమిళనాడులో బదనికల విడుదల ఒక కార్యక్రమం. తేదీ ఉంది, గొట్టాలు ఉన్నాయి, ఫొటో ఉంది, ఎన్ని లక్షల పురుగులు పంచామన్న లెక్క ఉంది. కొబ్బరి తోటల్లో మందు కొట్టకుండా ఆపామన్నదానికి ఏ లెక్క రాయాలి? కొట్టని మందుకు బిల్లు పెట్టే పద్దు మన వ్యవసాయ శాఖలో లేదు. అందుకే ఈ సలహా కరపత్రం దాటి బలంగా బయటకు వెళ్లలేదు. తైవాన్ స్ప్రేయర్లు మాత్రం తోటల్లోకి వెళ్లాయి. కొన్ని చోట్ల, కొబ్బరి కాయలను పట్టే ఎరియోఫిడ్ నల్లి కాలం నుంచి అలవాటైన, వేరు ద్వారా ఎక్కించే మందు మళ్లీ చెట్లకు ఎక్కింది. ఆ మందు కొబ్బరి నీళ్లలోకి ఎంత చేరుతుందన్న భయం ఒకటి, చెరువుగట్ల మీద, ఇళ్ల చుట్టూ ఉండే చెట్ల నుంచి మందు తుంపర ఎక్కడ పడుతుందన్న భయం మరొకటి. కోనసీమలో తోటకూ ఇంటికీ మధ్య గీత ఉండదు.

కౌలు సంగతి కూడా చెప్పాలి. తోట తనదైన మనిషి ఒకటి రెండేళ్లు ఓపిక పట్టొచ్చు, బదనిక బలపడితే లాభం తనకే. ఏడాది కౌలుకు తీసుకున్నవాడికి ఆ ఏడాది కాయే ముఖ్యం. వచ్చే ఏడాది మేలు చేసే కందిరీగ కోసం ఈ ఏడాది దిగుబడి వదులుకోమంటే ఎవరూ ఒప్పుకోరు. జీవ నియంత్రణ మీద వచ్చే పుస్తకాల్లో పురుగు జీవితచక్రం ఉంటుంది, కౌలు గడువు ఉండదు. ఈ లోటును చిన్నదిగా తీసుకోకూడదు.

శాస్త్రవేత్తల పక్షాన కూడా ఒక మాట గట్టిగా చెప్పాలి. అంబాజీపేట ఉద్యాన పరిశోధనా కేంద్రం ఊరికే ఆగమని చెప్పి ఊరుకోలేదు. ఐసేరియా ఫ్యూమోసోరోజియా అనే శిలీంద్రాన్ని పెంచి రైతులకు ఇచ్చింది. లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున కలిపి చల్లితే తెల్లదోమ పిల్లలు బూజు పట్టి చస్తాయి. డైకోక్రైసా ఆస్టర్ అనే రెక్కల పురుగును ప్రయోగశాలలో పెంచి తోటల్లో వదిలింది. నల్లతల గొంగళి పురుగు మీద బదనికలను పెంచి పంచిన అనుభవం ఆ కేంద్రానికి ఎప్పటి నుంచో ఉంది. అందుకే కోనసీమ రైతుకు బదనిక అన్న మాట కొత్త కాదు. తెల్లదోమ విషయంలో పాత అనుభవం ఎందుకు పూర్తిగా పనికిరాలేదంటే నల్లతల గొంగళికి డబ్బాలో తెచ్చి వదిలే కందిరీగ ఉంది. తెల్లదోమకు అది ముందే తోటలో ఉంది. డబ్బా లేదు కాబట్టి నమ్మకం లేదు.

శిలీంద్రానికి ఉన్న పరిమితినీ దాచకూడదు. దానికి తేమ కావాలి. తెల్లదోమ విజృంభించేది ఎండా కాలంలో, వానలు లేని నెలల్లో. అవసరం ఎక్కువగా ఉన్న రోజుల్లో మందు బలం తక్కువగా ఉంటుంది. సాయంత్రం పూట, ఆకు వెనక భాగం తడిసేలా చల్లితే కొంత మెరుగు. ఎత్తయిన చెట్టుకు అలా చల్లడం మళ్లీ అదే సమస్య.

ఇన్ని చెప్పాక కొబ్బరి కథ ఓడిపోయిందని తేల్చడం న్యాయం కాదు. మందు కొట్టని తోటల్లో తెల్లదోమ మొదటి ఉధృతి తర్వాత తగ్గిందన్నది పరిశోధకులు పలు చోట్ల నమోదు చేసిన విషయం. బొప్పాయిని కొలిచిన కొలబద్దతోనే దీన్ని కొలవడం అసలు పొరపాటు. బొప్పాయి పిండినల్లి మీద జరిగింది ఒకే శత్రువు, ఒకే ఆయుధం, ఒకే దెబ్బ. కొబ్బరి మీద ఒక పురుగు తగ్గేలోపు ఇంకొకటి వస్తోంది. 2018 తర్వాత బోండార్ గూడు తెల్లదోమ, దాని వెంట మరికొన్ని తెల్లదోమలు మన కొబ్బరి మీద కనిపించాయి. ఎన్‌కార్సియా వీటన్నిటినీ ఆపదు. తెల్లదోమ ఇంకా ఉంది కదా అని రైతు అంటే అది ఏ తెల్లదోమ అని అడగాలి. పాత దానిని బదనిక అణచిన చోట కొత్తది కనిపిస్తే బదనిక పని చేయలేదన్న ముద్ర పడిపోతుంది. ఈ తేడా చెప్పగలిగిన మనిషి ప్రతి మండలంలో ఒకరు లేకపోవడం జీవ నియంత్రణకు కలిగిన నష్టాల్లో పెద్దది.

మరోవైపు, పిలవకుండా వచ్చిన బదనికను చూసి ప్రకృతే చూసుకుంటుందిలే అనేవాళ్లతోనూ నేను ఏకీభవించలేను. 1795లో బ్రెజిల్ నుంచి రంగు కోసం తెచ్చిన కీటకం ఒకటి, అనుకున్న జాతి కాక మరో జాతి అయిపోయి, మన దేశంలో ఒక రకం నాగజెముడును తుడిచిపెట్టింది. అది మేలే అయింది. 1935లో ఆస్ట్రేలియా చెరకు తోటల కోసం హవాయి నుంచి తెచ్చిన కప్ప మాత్రం చెరకు పురుగును వదిలి దేశాన్నే ఆక్రమించింది. మొదటిది అదృష్టం, రెండోది తొందరపాటు. ఎన్‌కార్సియా మనకు దక్కిన అదృష్టం. పరీక్షలు పెట్టి తెచ్చిన ఎసెరోఫేగస్ అదృష్టం కాదు, శ్రమ. అనుకోని మేలును లెక్కలో వేసుకుని దేశ సరిహద్దుల్లో మొక్కల తనిఖీని సడలించడం ఎంత ప్రమాదమో ఈ రెండు బదనికలూ కలిసి చెబుతున్నాయి. బొప్పాయి విషయంలో రెండేళ్ల ఆలస్యాన్ని నేను తప్పుపడతాను. ఆ రెండేళ్లలో పరీక్షలకు పోయిన భాగాన్ని కాదు, ఉత్తరాలకు పోయిన భాగాన్ని. రోగంతో పాటే మందు పేరు కూడా తెలిసిన చోట అంత కాలం అక్కర్లేదు.

కొబ్బరి రైతు చేతికి పని ఇచ్చే మార్గం లేదా? ఉంది. బదనిక బాగా ఉన్న తోటలోంచి చిల్లులు పడిన, పడబోతున్న గుల్లలున్న ఆకు రెమ్మలు కోసి కొత్తగా తెల్లదోమ పడిన తోటలో కట్టడం ఒక పని. అరటి, మెట్టతామర లాంటి మొక్కలను తోటలో ఉంచితే వాటి మీద కాస్త తెల్లదోమ, దాని మీద బదనిక ఏడాది పొడవునా నిలుస్తాయి. అరటి మన కొబ్బరి తోటల్లో ఎలాగూ ఉంటుంది. పసుపు రంగు జిగురు అట్టలు కట్టడం ఇంకో పని. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు. అన్నిటికంటే ముందు చేయాల్సింది భూతద్దం పట్టుకుని గుల్లలు లెక్కపెట్టడం. దింపు తీసే కార్మికుడికి ఈ రెండు గుర్తులు, చీలికా చిల్లూ, నేర్పిస్తే చెట్టు పైన ఏం జరుగుతోందో ప్రతి దింపుకూ కింద తెలుస్తుంది. దింపు కూలీకి దీనికోసం అదనంగా పది రూపాయలిచ్చినా, ఒక విడత తైవాన్ స్ప్రేయర్ ఖర్చుకు అది ఏ మూలకూ రాదు.

ఆ లెక్కలో చిల్లులు తక్కువైతే అప్పుడు శిలీంద్రం చల్లాలి, ఆకు రెమ్మలు తెచ్చి కట్టాలి, అంబాజీపేటకు కబురు పెట్టాలి. చిల్లులు ఎక్కువైతే మసి ఎంత నల్లగా ఉన్నా ఆగాలి. బొప్పాయి తోటలో ఈ నిర్ణయం పిండినల్లీ పట్టుపురుగూ కలిసి రైతు తరఫున తీసుకున్నాయి. కొబ్బరి తోటలో అది రైతే తీసుకోవాలి, దింపు దింపుకూ, చెట్టు చెట్టుకూ, బోండార్ తెల్లదోమకు సరిపడే బదనిక తేలేదాకా.